గ్రీకు పట్నాలు, సిథియన్ పొరుగువాళ్లు: కానుకలు ఎవరు ఎవరికి ఇచ్చుకున్నారు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. నల్లసముద్రం ఉత్తరపు ఒడ్డుకు గ్రీకులు ఓడలేసుకుని వచ్చి ఊళ్లు కట్టుకుంటుంటే, గుర్రాల మీదే పుట్టి పెరిగిన సిథియన్లు ఎందుకు చూస్తూ ఊరుకున్నారు? గ్రీకులు వాళ్లను లొంగదీసుకున్నారా, లేక రోజూ కొట్లాటేనా? దాంతో పాటు ఇంకో ముక్క అడిగారు: ఈ సిథియన్లూ, మన పంచాంగంలో కనిపించే శకులూ ఒకటేనా అని. దాని సంగతి మధ్యలో చెబుతాను.

సూటి జవాబు: గ్రీకులు సిథియన్లను లొంగదీసుకోలేదు. రోజూ కొట్లాటా లేదు. చాలాకాలం పైచేయి సిథియన్లదే. గ్రీకులు వాళ్లను మంచి చేసుకుంటూ, కానుకలు ముట్టజెబుతూ, వాళ్ల సరుకు కొంటూ, తమ సరుకు అమ్ముకుంటూ బతికారు. సిథియన్లు ఊరుకున్నది మంచితనంతో కాదు. గ్రీకుల రేవు మూతబడితే వాళ్లకే నష్టం.

నేను డిగ్రీ కాలేజీలో ప్రాచీన చరిత్ర చెప్పి రిటైరైన వాణ్ని. సోవియట్ రోజుల్లో స్కాలర్‌షిప్ మీద అక్కడ చదువుకునేటప్పుడు రెండు వేసవులు ఓల్బియా అనే పాత గ్రీకు పట్నం తవ్వకాల్లో పని చేశాను. పని అంటే పెద్దగా ఊహించుకోకండి. బకెట్ల కొద్దీ కుండ పెంకులు, ఒక పళ్లు తోముకునే బ్రష్, ఎండ. అంతే. కానీ ఈ ప్రశ్నకు నేను ఇచ్చే జవాబులో సగం ఆ బకెట్లలోంచి వచ్చిందే.

మొదట మాట గురించి. కాలనీ అనగానే మనకు తెల్లదొరలు గుర్తొస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది. గ్రీకులు తమ వలస ఊరిని అపోయికియా అనేవారు, అంటే సొంతింటికి దూరంగా పెట్టుకున్న ఇల్లు. దాని వెనక సామ్రాజ్యం లేదు, సైన్యం లేదు. పిలిస్తే ఓడలేసుకుని వచ్చే ప్రభుత్వమూ లేదు. పోలిక కావాలంటే 1857 తర్వాతి బ్రిటిష్ పాలనను కాదు, 1611లో మన బందరులో ఇంగ్లీషు వర్తకులు పెట్టుకున్న కొట్టును తలుచుకోండి. గోల్కొండ సుల్తాను రాజ్యంలో, ఆయన అధికారుల దయ మీద బతికిన కొట్టు అది. ఒక్క తేడా ఉంది. బందరు వర్తకుడు సంపాదించుకుని తిరిగి వెళ్దామని వచ్చాడు. ఈ గ్రీకులు ఉండిపోదామని వచ్చారు. పొలాలు దున్నుకున్నారు, గుళ్లు కట్టుకున్నారు, తమ చనిపోయిన వాళ్లను అక్కడే పాతిపెట్టుకున్నారు.

వీళ్లలో ఎక్కువమంది ఇప్పటి టర్కీ పడమటి తీరంలోని మిలేటస్ నుంచి వచ్చినవాళ్లు. క్రీ.పూ. 7వ శతాబ్దం రెండో సగంలో బెరెజాన్ అనే చోట దిగారు. తర్వాతి శతాబ్దంలో దగ్గరలోనే బుగ్ నది సముద్రంలో కలిసే చోట ఓల్బియా కట్టారు. ఇప్పటి ఉక్రెయిన్‌లో, పరూతినె అనే పల్లె పక్కన. ఓల్బియా అంటే సిరిగల ఊరు. మన సిరిపురం లాంటి పేరన్నమాట. అప్పటికి ఆ తీరపు గడ్డిభూముల్లో స్థిరంగా కాపురముండే జనం దాదాపు లేరు. మందలు తోలుకుని వచ్చేవాళ్లు వచ్చి పోయేవారు. కాబట్టి ఒకరి పొలం లాక్కున్న గొడవ మొదట్లో పెద్దగా లేదు. సిథియన్లు ఊరుకోవడానికి ఇదీ ఒక కారణం. వాళ్లకు కావలసింది మేత, దారి. గ్రీకులకు కావలసింది రేవు, దాని చుట్టూ కాస్త పొలం.

ఇప్పుడు పెంకుల సంగతి. మా ముందుకు వచ్చే పెంకుల్లో రెండు రకాలు స్పష్టంగా తెలిసేవి. ఒకటి సారె మీద చేసిన గ్రీకు సరుకు: ద్రాక్షసారా, ఆలివ్ నూనె పోసుకొచ్చిన ఆంఫోరాలు. అడుగు మొనదేరి, రెండు చెవులతో ఉండే పొడవాటి జాడీలు. కొన్నాళ్లకు చూడగానే ఊరు చెప్పేయడం వచ్చింది. మెడ ఉబ్బినట్టుంటే కియోస్ దీవి. మెడ మీద ముద్ర కొట్టి ఉంటే చాలావరకు హెరాక్లియా. చెవి మీద ముద్ర ఉండి, మట్టిలో నల్లటి రేణువులు మెరిస్తే సినోపె. రెండో రకం చేత్తో చేసిన మొరటు కుండలు, సిథియన్ల పల్లెల్లో దొరికే వాటిలాంటివే. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి పక్కన కలిసి దొరికేవి.

మొదటి వారమే నేను ఉత్సాహంగా నోట్‌బుక్‌లో రాసేశాను: ఇంటాయన గ్రీకు, ఇల్లాలు సిథియన్ అని. మా పర్యవేక్షకుడు అది చదివి, పెన్నుతో అడ్డంగా కొట్టేసి, పెంకు చూసి పెళ్లి చెయ్యకు అన్నాడు. నిజమే కదా. ఆ కుండ ఇల్లాలు పుట్టింటి నుంచి తెచ్చుకున్నదై ఉండొచ్చు, పనిమనిషిదై ఉండొచ్చు, చవగ్గా వస్తోందని సంతలో కొన్నదీ అయి ఉండొచ్చు. కుండ పెంకు చూసి కులం చెప్పకూడదు. ఇంటర్నెట్‌లో ఈ విషయం మీద మీరు చదివే వాటిలో సగానికి పైగా ఈ తప్పే చేస్తాయి. అయినా కలిసి బతికారన్న మాట కుండల మీదే ఆధారపడి లేదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో రాసిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఓల్బియా పక్కనే ఉన్న కల్లిపిడై అనే జనాన్ని ‘గ్రీకు సిథియన్లు’ అని పిలిచాడు. రెండూ కలిసిన జనమన్నమాట. ఇంకొంచెం లోపల తినడానికి కాదు, అమ్మడానికే ధాన్యం పండించే సిథియన్ రైతులున్నారనీ చెప్పాడు. తూర్పుగా దూరం వెళ్లే సిథియన్ వర్తకులకు ఏడు భాషలు, ఏడుగురు దుబాసీలు కావలసి వచ్చేవారట.

ఆ అమ్మకం కోసమే పండించే ధాన్యం దగ్గరే అసలు కిటుకు ఉంది. లోపలి నుంచి ధాన్యం, తోళ్లు, తేనె, మైనం, పశువులు వచ్చేవి. మనుషులు కూడా. బానిసల వ్యాపారాన్ని దాటేసి ఈ కథను ‘రెండు సంస్కృతుల స్నేహం’గా చెప్పేవాళ్లను నేను నమ్మను. ఏథెన్స్‌లో వీధులు కాసి, సభల్లో అల్లరి చేసేవాళ్లను ఈడ్చుకెళ్లే పోలీసులు సిథియన్ విలుకాళ్లు. వాళ్లు నగరం కొన్న బానిసలు. అరిస్టోఫనీస్ నాటకంలో అలాంటి పోలీసు ఒకడు వచ్చీరాని గ్రీకు మాట్లాడుతుంటే జనం నవ్వుకున్నారు. ఓల్బియా రేవు ఓడలెక్కినవాళ్లలో ఇలాంటివాళ్లు ఎంతమందో.

అటునుంచి వచ్చేది ద్రాక్షసారా, నూనె, మంచి పింగాణీ లాంటి నల్లటి మెరుపు గిన్నెలు, నగలు. సిథియన్ రాజుల సమాధుల్లో, అంటే కుర్గన్లనే పెద్ద మట్టిదిబ్బల కింద, ఈ జాడీలు తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో దొరుకుతాయి. నీళ్లు కలపకుండా చిక్కగా తాగడాన్ని గ్రీకులు సిథియన్ పద్ధతి అనేవారు. ఎత్తిపొడుపే. కానీ ఆ సారా అమ్మి లాభం చేసుకున్నది కూడా వాళ్లే.

నగల గురించి ఒక్క వస్తువు చెబుతాను, నేను కళ్లారా చూసింది. 1830లో క్రిమియాలోని కెర్చ్ దగ్గర కూల్ ఒబా అనే దిబ్బలో సైనికులు రాళ్ల కోసం తవ్వుతుంటే రాతి గది బయటపడింది. లోపల సిథియన్ దొర, ఒక స్త్రీ, ఒక సేవకుడు. అక్కడ దొరికిన బంగారు కలశం ఇప్పుడు హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. రెండు చేతుల మధ్య పట్టేంత చిన్నది. చుట్టూ బొమ్మలు: ఒకడు విల్లుకు నారి బిగిస్తున్నాడు, ఒకడు ఇంకొకడి నోట్లో వేలు పెట్టి పన్ను చూస్తున్నాడు, ఇంకొకడు స్నేహితుడి కాలికి కట్టు కడుతున్నాడు. పన్ను చూపించుకునే వాడి చెయ్యి అవతలివాడి మణికట్టును గట్టిగా పట్టుకుని ఉంటుంది. మన దగ్గర పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్న ఎవరైనా అదే చేస్తారు. పనితనం గ్రీకుది. తొడిగిన చొక్కాలు, పాంట్లు, గడ్డాలు సిథియన్లవి. కొనేవాడి మొహం, వాడి బట్ట కుట్టు దాకా ఎరిగిన కంసాలి చేసిన పని అది. భయపడి దూరంగా ఉన్నవాడికి ఆ చూపు రాదు.

ఇక డబ్బు ఎటు వెళ్లేదన్నది. ఓల్బియాలో ప్రోటోజెనీస్ అనే ధనవంతుడిని పొగుడుతూ చెక్కిన పొడవాటి శాసనం ఒకటి ఉంది. క్రీ.పూ. 3వ శతాబ్దం చివరిదని ఎక్కువమంది అంటారు. పొగడ్త కోసం చెక్కించినా, చదువుతుంటే ఆ ఊరి అప్పుల చిట్టాలా ఉంటుంది. సైతాఫార్నెస్ అనే సంచార రాజు వచ్చి, తన దారిఖర్చుకు కానుకలు అడిగాడు. ఖజానాలో పైసా లేదు. ప్రోటోజెనీస్ 400 బంగారు నాణేలు ఇచ్చాడు. ఇంకోసారి అధికారులు గుడి పాత్రలను 100 నాణేలకు తాకట్టు పెట్టేశారు. తాకట్టు పట్టినవాడు వాటిని కరిగించబోతుంటే ఈయనే విడిపించాడు. మరోసారి రాజు నది అవతలి ఒడ్డున దిగితే 900 నాణేలు పట్టుకెళ్లారు. ఆయన డబ్బు తీసుకున్నాడు, కానుకలు బాగాలేవని కోప్పడ్డాడు కూడా. ఆ రాజు మనుషులు సిథియన్లా, తూర్పు నుంచి కొత్తగా వచ్చిన సర్మేషియన్ల కోవా అన్నది పండితుల మధ్య వాదన. పద్ధతి మాత్రం పాతదే. ఎవరి ప్రాంగణంలో ఎవరు అద్దెకున్నారో ఈ రాయి చూస్తే తెలిసిపోతుంది.

(ఇదే రాజు పేరు మీద ఒక తమాషా. 1896లో పారిస్ లూవ్ర్ మ్యూజియం ‘సైతాఫార్నెస్ కిరీటం’ అని ఒక బంగారు టోపీని 2 లక్షల ఫ్రాంకులకు కొంది. ఓల్బియా ప్రజలు రాజుకిచ్చిన కానుక అని దాని మీద రాసి కూడా ఉంది. 1903లో ఒడెస్సా కంసాలి ఇజ్రాయెల్ రూఖోమోవ్‌స్కీ పారిస్ వచ్చి, అది నేను చేసిందేనని వాళ్ల ముందే పనితనం చూపించాడు. క్లాసులో ఈ కథ చెబితే వెనక బెంచీ కూడా మేలుకునేది.)

మరి గొడవ ఎక్కడ వచ్చేది? నా లెక్కలో వ్యాపారంలో కంటే రాజు ఎవరి మనిషి అన్న దగ్గర. దీనికి హెరొడోటస్ చెప్పిన స్కైలెస్ రాజు కథే అందరూ చెబుతారు. కానీ దాన్ని సాధారణంగా తలకిందులుగా చదువుతారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

స్కైలెస్ తండ్రి సిథియన్ రాజు అరియాపెయిథెస్. తల్లి ఇస్త్రియా అనే గ్రీకు పట్నం ఆడపడుచు. ఆమె కొడుక్కి గ్రీకు మాట, రాత నేర్పింది. రాజయ్యాక అతను సైన్యంతో ఓల్బియా దాకా వచ్చి, సైన్యాన్ని ఊరి బయట ఆపి, లోపలికి వెళ్లి తలుపులు మూయించేవాడు. సిథియన్ బట్టలు విప్పి గ్రీకు బట్టలు కట్టేవాడు. అంగరక్షకులు లేకుండా బజారులో తిరిగేవాడు. నెల, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఉండి, మళ్లీ సిథియన్ వేషంలో బయటికొచ్చేవాడు. అక్కడ పెద్ద ఇల్లు కట్టుకున్నాడు, చుట్టూ తెల్లరాతి స్ఫింక్సులు, గ్రిఫిన్లు. భార్యనూ తెచ్చిపెట్టుకున్నాడు. చివరికి డయోనిసస్ దేవుడి పూనకాల దీక్ష పుచ్చుకుందామనుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆ ఇంటి మీద పిడుగుపడి కాలిపోయింది. అయినా ఆగలేదు.

ఇక్కడ గమనించండి. ఓల్బియా మనిషే ఒకడు బయటున్న సిథియన్ల దగ్గరికి వెళ్లి, మాకు దేవుడు పూనుతాడని నవ్వుతారు కదా, ఇప్పుడు మీ రాజుకే పూనాడు చూడండి అని రెచ్చగొట్టి, వాళ్ల పెద్దలను రహస్యంగా ఒక బురుజెక్కించాడు. వాళ్లు రాజు పూనకంలో ఊరేగడం చూశారు. తిరుగుబాటు. స్కైలెస్ థ్రేస్‌కు పారిపోయాడు. అక్కడి రాజు సితాల్కెస్, సిథియన్ల దగ్గర ఉన్న తన సోదరుడిని బదులుగా తీసుకుని స్కైలెస్‌ను అప్పగించాడు. స్కైలెస్ తమ్ముడు ఆక్టమసాడెస్ అక్కడికక్కడే అన్న తల నరికించాడు. ఇస్త్రియా దగ్గర దొరికిన ఒక బంగారు ఉంగరం మీద స్కైలెస్ పేరు గ్రీకు లిపిలో ఉంది కాబట్టి, ఇది ఉత్త కట్టుకథ అని కొట్టిపారేయడానికీ లేదు.

దీన్ని చూపించి, సిథియన్లకు గ్రీకులంటే పడేది కాదంటారు. పడకపోతే వాళ్ల పాత రాజు గ్రీకు పిల్లను చేసుకోడు. ఆమె కొడుకును రాజుగా ఒప్పుకునేవాళ్లూ కాదు. ఏళ్ల తరబడి ఊరి బయట గుర్రాలు పట్టుకుని కాచుకునేవాళ్లూ కాదు. అరియాపెయిథెస్‌కు తిమ్నెస్ అనే ఏజెంటు ఉండేవాడు, అతని నోట విన్నానని హెరొడోటస్ ఒకచోట చెబుతాడు. అంటే వ్యవహారాలు చక్కబెట్టడానికి మనిషిని కూడా పెట్టుకున్నారు. వాళ్లకు మింగుడుపడనిది ఒక్కటే: రాజు వాళ్ల దేవుళ్లను వదిలి పరాయి దేవుడి ముందు ఊగడం. మామూలు మనిషి చేస్తే పట్టించుకునేవాళ్లు కాదేమో. రాజు చేస్తే తెగ మొత్తానికి సంబంధించిన విషయం.

ఇంకో జాగ్రత్త: ప్రతి గొడవనూ గ్రీకు, సిథియన్ గొడవగా చూడకండి. బెరెజాన్‌లో 1970లో సీసపు రేకు మీద రాసిన ఉత్తరం దొరికింది, సుమారు క్రీ.పూ. 500 నాటిది. అకిల్లోడోరస్ అనే వర్తకుడు కొడుక్కి రాసుకున్నాడు: మటాసిస్ అనేవాడు నా సరుకు లాక్కుని నన్ను బానిసగా పట్టుకుంటున్నాడు, నువ్వు వెళ్లి అనాక్సాగొరస్‌కు చెప్పు, అమ్మకూ చెప్పు అని. ఎవరి అప్పుకో ఇంకెవరినో పట్టుకున్న వ్యవహారంలా ఉంది. జాతి గొడవ కాదు, బాకీ గొడవ.

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా ఓల్బియా గురించి. అన్ని చోట్లా ఒకేలా లేదు. కెర్చ్ జలసంధి దగ్గర పాంటికపేయం చుట్టూ ఏర్పడిన బాస్పొరస్ రాజ్యంలో గ్రీకులే బలపడ్డారు. క్రీ.పూ. 438 నుంచి స్పార్టోకిడ్ వంశం పాలించింది. ఏటా 4 లక్షల మెడిమ్నోయ్ (గ్రీకు కొలత) ధాన్యం అక్కణ్నుంచి వస్తోందని వక్త డెమోస్తనీస్ ఏథెన్స్‌లో చెప్పాడు, మన లెక్కలో సుమారు 16 వేల టన్నులు. క్రిమియాలోని ఇంకో గ్రీకు పట్నం ఖెర్సోనెసస్ కథ వేరు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో క్రిమియా సిథియన్ రాజు స్కిలూరస్, అతని కొడుకు పలకస్ ఒత్తిడి తట్టుకోలేక ఆ ఊరు నల్లసముద్రం దక్షిణపు ఒడ్డున ఉన్న పాంటస్ రాజ్యపు రాజు మిత్రడేటిస్‌ను పిలిచింది. ఆయన సేనాని డయోఫాంటస్ వచ్చి సిథియన్లను ఓడించాడు. ఊరు బతికింది, స్వాతంత్య్రం మిత్రడేటిస్ చేతికి పోయింది. అదే స్కిలూరస్ ఓల్బియాలో మాత్రం తన పేరుతో నాణేలు కొట్టించుకున్నాడు. ఒకే రాజు, రెండు ఊళ్లతో రెండు తీర్లు.

శకుల సంగతి. పర్షియన్లు సిథియన్లందరినీ శకులనే అంటారని హెరొడోటసే రాశాడు. భాషలు ఇరానీ కుటుంబానివే. కానీ నల్లసముద్రం దగ్గరి సిథియన్లు మన దేశానికి రాలేదు. ఇటు వచ్చినవాళ్లు మధ్య ఆసియా వైపు శాఖ. అన్నదమ్ముల పిల్లలనుకోండి. గౌతమీపుత్ర శాతకర్ణిని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో శక, యవన (అంటే గ్రీకు), పహ్లవులను నాశనం చేసినవాడని కీర్తించింది. అక్కడ నల్లసముద్రం ఒడ్డున కలిసి కాపురం చేసిన రెండు పేర్లూ ఇక్కడ ఒకే సమాసంలో శత్రువులుగా పక్కపక్కన పడ్డాయి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు, ఎందుకు తరిమేయలేదన్నదానికి, నా దగ్గరున్న గట్టి సాక్ష్యం. క్రీ.పూ. 1వ శతాబ్దంలో గెటే అనే జనం ఓల్బియాను నేలమట్టం చేశారు. సుమారు 150 ఏళ్ల తర్వాత ఆ ఊరెళ్లిన వక్త డియో క్రిసోస్టం ఏం రాశాడంటే: ఊరు పోయాక గ్రీకు ఓడలు రావడం మానేశాయి. దిగితే తమ భాష మాట్లాడేవాళ్లు లేరు. గ్రీకు పద్ధతిలో రేవు నడపడం సిథియన్లకు తెలియదు, ఆ ఆసక్తీ లేదు. అందుకే మిగిలిన ఓల్బియన్లు సిథియన్ల ఇష్టంతోనే మళ్లీ వచ్చి ఊరు కట్టుకున్నారని తనకు తోస్తోందట.

అలాగని డియో చూసిన ఓల్బియా ప్రశాంతంగా ఏమీ లేదు. ఆయన వెళ్లిన ముందురోజే మధ్యాహ్నం వేళ సిథియన్లు దాడి చేసి కావలివాళ్లలో కొందర్ని చంపారు, కొందర్ని పట్టుకుపోయారు. తలుపులు మూసి, గోడ మీద యుద్ధ జెండా ఎగరేసి ఉంది. ఆయనకు ఎదురొచ్చిన కుర్రాడు కాలిస్ట్రాటస్, పద్దెనిమిదేళ్లవాడు, గుర్రం మీద. నడుముకు పెద్ద కత్తి, కాళ్లకు సిథియన్ పాంటు. ఊళ్లోవాళ్ల గ్రీకు సరిగా లేదు కానీ దాదాపు అందరికీ ఇలియడ్ కంఠతా వచ్చు. ఆయుధాలు విప్పకుండానే అందరూ జ్యూస్ గుడి దగ్గర చేరి, పెద్దలు బల్లల మీద కూర్చుని, మిగతావాళ్లు నిలబడి ఆయన మాటలు వినడానికి సిద్ధమయ్యారు.